పరిమిత సంఖ్యలో వచ్చిన ‘బ్లాకీ’ గిటారుకు అంత ధర పెట్టవచ్చా?

బ్రిటిష్ గిటారు వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ గౌరవార్థం గిటార్లు తయారుచేసే ఫెండర్ సంస్థ పరిమిత సంఖ్యలో చేసిన, ఆయన నల్ల గిటారు ‘బ్లాకీ’ ప్రతిరూపం ఒకటి అమ్మకానికి వచ్చిందనీ, అదే సంస్థ మామూలుగా అమ్మే క్లాప్టన్ సిగ్నేచర్ స్ట్రాటోకాస్టర్ (ఆయన పేరున తెచ్చిన ఎలక్ట్రిక్ గిటారు) కంటే దానికి ఎన్నో రెట్లు ఎక్కువ అడుగుతున్నారనీ రాసి, వాయించేవారికి ఆ తేడా వినిపిస్తుందా అని అడిగారు. వాయించడానికే అయితే మామూలు సిగ్నేచర్ మోడలే కొనండి. పదకొండేళ్లుగా నా దగ్గర ఉన్నది అదే. మీరు చెబుతున్న ప్రతిరూపాన్ని డాలస్‌లో ఒక మిత్రుని ఇంట్లో ఒక సాయంత్రమంతా వాయించి చూశాను.

1970లో క్లాప్టన్ నాష్‌విల్‌లోని ఒక దుకాణంలో పాత స్ట్రాటోకాస్టర్లు కొన్నింటిని కొన్నారు. వాటిలో మూడింటిని తోటి సంగీతకారులు జార్జ్ హారిసన్, పీట్ టౌన్‌షెండ్, స్టీవ్ విన్‌వుడ్‌లకు ఇచ్చివేసి, మిగిలిన మూడింటిలోని మంచి భాగాలను ఏరి ఒక్కటిగా కూర్చుకున్నదే బ్లాకీ. అంటే ఇప్పుడు వేల డాలర్లు పోసి కొంటున్నది అతుకుల గిటారుకు అచ్చమైన నకలు అన్నమాట! ఆయన దాన్ని 1980ల మధ్య దాకా వాయించి, నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం) బాగా అరిగిపోవడంతో పక్కన పెట్టారు. ఆంటిగ్వాలో తాను స్థాపించిన వ్యసన విముక్తి కేంద్రానికి నిధుల కోసం 2004లో వేలానికి ఇచ్చినప్పుడు అది 9,59,500 డాలర్లు పలికింది. దాన్ని వేలంలో కొన్నది గిటార్ సెంటర్ అనే దుకాణాల సంస్థ. ఆ అసలు గిటారును ముందు పెట్టుకొని 2006లో ఫెండర్ ప్రత్యేక తయారీ విభాగమైన కస్టమ్ షాప్ 275 ప్రతిరూపాలు తయారుచేసింది.

మా మిత్రుని గిటారు పెట్టె తెరిచినప్పుడు నా చూపు మొదట తలభాగం మీదికే పోయింది. క్లాప్టన్ వాయిస్తూ వెలిగించిన సిగరెట్టును తీగ కొసకు గుచ్చి ఉంచేవారు. ఆ కాలిన మచ్చను సైతం అదే చోట, అదే రంగులో దింపారు. నెక్ అంచున వార్నిష్ పోయి కట్టె బయటపడిన చోట వేలితో తడిమితే నిజంగానే ఏళ్ల తరబడి అరిగినట్టుంది. పనితనానికి దండం పెట్టవలసిందే. అయితే ముంజేయి ఆనే చోట రంగు పోయినది ఆయన చేతి కొలతకు. పొట్టివాడినైన నా చేయి దానికి రెండంగుళాలు ఇవతల, నిగనిగలాడే నలుపు మీద ఆనింది. ఆ సాయంత్రమంతా ఇంకొకరి చొక్కా తొడుక్కున్నట్టే ఉంది. నాదం బాగుంది, కాదనను. కానీ అదే ఆంప్లిఫయర్‌కు నా గిటారు తగిలించి కళ్లు మూసుకుని విన్నప్పుడు మాకు వినిపించిన తేడా ధరలోని తేడాకు ఏ మూలకూ చాలదు.

1988లో వచ్చిన సిగ్నేచర్ మోడల్ సంగతి వేరు. ఫెండర్ ఒక సంగీతకారుని పేరున తెచ్చిన మొదటి స్ట్రాటోకాస్టర్ అదే. బ్లాకీకి ఉన్నట్టు వెనక భాగం కాస్త ‘వి’ ఆకారంలో ఉండే నెక్, నాదంలోని మధ్యస్థాయిని 25 డెసిబెల్స్ వరకు పెంచే సర్క్యూట్, ఆయన వాడరు కనుక కదలకుండా బిగించిన ట్రెమోలో (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే అమరిక): ఇవన్నీ వాయించే మనిషి అవసరాల నుంచి వచ్చినవి. ఆ మిడ్ బూస్ట్‌ను మెల్లగా తిప్పుతూ పోతే, పలుచగా గలగలమనే స్ట్రాటోకాస్టర్ గొంతు బరువెక్కి, గిబ్సన్ సంస్థ చేసే బరువైన నాదపు లెస్ పాల్ గిటారు దాపులకు వస్తుంది. దీనిలో ఒక్క పీడ, 9 వోల్టుల బ్యాటరీ. అది అయిపోతే గిటారు మూగబోతుంది. కేబుల్ తీయకుండా వదిలేస్తే బ్యాటరీ ఊరికే ఖర్చవుతుందని తెలిసి కూడా ఒక రాత్రి అలాగే వదిలేసి, మర్నాడు ఇక్కడి ఉగాది వేడుకలో సరిగ్గా నా వంతు వచ్చేసరికి చప్పుడు లేక నిలబడిపోయాను. స్క్రూలు విప్పి కొత్త బ్యాటరీ వేసేదాకా మా తబలా ఆయన ఒక్కరే సభను నడిపారు.

దాచుకోవడానికే కొంటున్నారా, అప్పుడు నా వాదనకు విలువ లేదు. 2007లో రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ గిటారుకు 300 ప్రతిరూపాలు చేసి ఒక్కొక్కటి 25,000 డాలర్లకు అమ్మినప్పుడు, ఆయన అసలు గిటారుకు బిగించుకున్న 1971 నాటి పావు డాలరు నాణెం లాంటిదాన్నే వాటికీ బిగించారు. అటువంటివాటికి మోజే ధర. ఆ మార్కెట్లో గిటారుతో సమానంగా కాగితాలు ముఖ్యం. పరిమిత సంఖ్యలో వచ్చిన ఇంకొక గిటారును నేను ధ్రువపత్రం లేకుండా, ‘తరవాత పంపుతాం’ అన్న దుకాణదారు మాట నమ్మి కొన్నాను. అది రానూ లేదు, తిరిగి అమ్మబోతే అడిగిన ధర పలకనూ లేదు. పైగా దాని మీద ఉన్నది పాతకాలపు నైట్రోసెల్యులోజ్ లక్క. రబ్బరు స్టాండుకు ఆనించి వేసవిలో కొన్ని వారాలు వదిలేస్తే ఆ రబ్బరు తగిలిన చోట పూత మెత్తబడి మచ్చ పడింది. అది పోయే మచ్చ కాదు.

అందువల్ల బ్లాకీ వైపే మీ మనసు మొగ్గితే, డబ్బు కట్టే ముందే ధ్రువపత్రం, అసలు పెట్టె, క్రమసంఖ్య మూడింటినీ ఎదురుగా చూడండి. నెక్ విప్పి లోపలి ముద్రలకు ఫొటో తీసి పంపమని అడగండి. దానికి నసిగే అమ్మకందారు దగ్గర కొనవద్దు.