పాఠకుల ప్రశ్న: ఫ్లాంజి రంధ్రాలు ఎందుకు పక్కకు జరుగుతున్నాయి?

ప్రశ్న: నేను రాయగడలోని ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో డ్రాఫ్ట్స్‌మన్‌ను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా నా చదువు ఒడియా మాధ్యమంలో సాగింది. డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాంజి (పైపుల చివర బోల్టులతో బిగించే చక్రం) బోల్టు రంధ్రాలు గీయడానికి మిత్రుడు ఇచ్చిన ఆటోలిస్ప్ (ఆటోక్యాడ్‌లో వాడే ప్రోగ్రామింగు భాష) ప్రోగ్రామును కొంత మార్చి వాడుతున్నాను. దగ్గరగా జూమ్ చేసినప్పుడు రంధ్రాలు సరిగ్గా పడుతున్నాయి గాని, డ్రాయింగు మొత్తం తెరపై ఉన్నప్పుడు పక్కకు జరుగుతున్నాయి. క్యాడ్ నేర్పే చోట అడిగితే ప్రోగ్రామింగు తాము చెప్పబోమన్నారు. ఎవరిని అడగాలి, ఎక్కడ నేర్చుకోవాలి?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: జూమ్‌తో పాటు తప్పు మారుతోందని మీరు గమనించి రాయడం వల్లనే కారణం ఊహించడం సులువైంది. మీ ప్రోగ్రాము ‘కమాండ్’ ఫంక్షన్ ద్వారా వృత్తాలు గీస్తూ ఉండాలి. అలా పంపిన బిందువులను కూడా ఆబ్జెక్ట్ స్నాప్ (బిందువును దగ్గరలోని గీత చివరకో కేంద్రానికో అతికించే సదుపాయం) పట్టుకుంటుంది. స్నాప్ పరిధి తెరమీది పిక్సెళ్లలో ఉంటుంది కాబట్టి, డ్రాయింగు చిన్నదిగా కనబడుతున్నప్పుడు పక్కనున్న గీత చివరో మరో కేంద్రమో ఆ పరిధిలోకి వచ్చి మీ బిందువును తనవైపు లాగేస్తుంది. ప్రోగ్రాము మొదట్లో, స్నాపులను నియంత్రించే ‘ఓస్మోడ్’ విలువను దాచుకొని సున్నా చేసి, చివర తిరిగి పెట్టండి. మధ్యలో ఎస్కేప్ నొక్కితే ఆ చివరి వరుస నడవదు, ఆపైన స్నాపులేవీ పనిచేయక చేతిపని పాడవుతుంది. అందుకే ప్రోగ్రాము మధ్యలో ఆగినప్పుడు నడిచే ఎర్రర్ ఫంక్షన్‌లో కూడా పాత విలువను తిరిగి పెట్టే వరుస తప్పక ఉండాలి. ‘ఎంట్‌మేక్’తో వృత్తాన్ని నేరుగా సృష్టిస్తే ఈ చిక్కే రాదు, నేనైతే ఆ దారినే ఎంచుకుంటాను.

ఇక నేర్చుకోవడం గురించి. ఆటోడెస్క్ సంస్థ ఆటోలిస్ప్ డెవలపర్ గైడును ఉచితంగా అందుబాటులో ఉంచింది. అందులోని ‘గార్డెన్ పాత్’ పాఠం మీకోసమే రాసినట్టుంటుంది: రెండు బిందువుల మధ్య తోటబాటను గీసి, దాన్ని గుండ్రటి పలకలతో నింపడం ఆ పాఠంలోని పని. కోణాన్ని డిగ్రీల నుంచి రేడియన్లకు (కోణానికి మరో కొలమానం) మార్చడం, ‘పోలార్’తో తరువాతి బిందువును లెక్కకట్టడం అందులోనే వస్తాయి, ఎనిమిది రంధ్రాల ఫ్లాంజికి కావలసినవీ అవే. 45 డిగ్రీలను మార్చకుండా పోలార్‌కు ఇస్తే అది 45 రేడియన్లుగా తీసుకుంటుందని గుర్తుంచుకోండి.

డ్రాయింగు కూడా ఒక పాఠ్యపుస్తకమే. ‘ఎంట్‌సెల్’తో ఒక వృత్తాన్ని ఎంచుకొని, ఫలితంలోని మొదటి అంశాన్ని ‘కార్’తో తీసి ‘ఎంట్‌గెట్’కు ఇస్తే, ఆ వృత్తం గురించి ఆటోక్యాడ్ దాచుకున్నదంతా ఒక జాబితాగా కనబడుతుంది: 8 పక్కన లేయరు, 10 పక్కన కేంద్రం, 40 పక్కన వ్యాసార్థం. రోజూ గీసే ఒక్కో వస్తువుతో ఇలా చేసి చూస్తే, ఏ శిక్షణ కేంద్రమూ అక్కరలేకుండా చాలా దూరం వెళ్లవచ్చు.

ఆటోక్యాడ్ 2021 నుంచి విజువల్ స్టూడియో కోడ్‌లో ఆటోలిస్ప్ రాసి, ఒక్కో వరుస ఆపి విలువలు చూసుకోవచ్చు. పాత వెర్షన్లలో ‘వీలైడ్’ ఎడిటరు ఉంటుంది. 2021 నుంచి యూనికోడ్ (అన్ని లిపులకూ చోటిచ్చే పద్ధతి) కూడా ఉంది కాబట్టి ప్రోగ్రాములో మీకోసం రాసుకునే వ్యాఖ్యలను తెలుగులోనో ఒడియాలోనో రాసుకోండి, ఆరు నెలల తరువాత తిరిగి చదివినప్పుడు ఆ మేలు తెలుస్తుంది. మీది ఎల్‌టీ (ఆటోక్యాడ్‌లో తక్కువ సదుపాయాలున్న రకం) అయితే మాత్రం, 2024 వెర్షనుకు ముందువాటిలో ఆటోలిస్ప్ నడవదు.

సహాయం కోరినప్పుడు మొత్తం ప్రోగ్రామును పంపి ‘పనిచేయడం లేదు’ అనకండి. తప్పు కనబడే అతిచిన్న భాగాన్ని వేరుచేసి, ఖాళీ డ్రాయింగులో ఒక్క ఫ్లాంజితో అదే తప్పు వస్తున్నదో లేదో చూసి, ఆ డ్రాయింగును జతచేసి, వెర్షను ఏదో, కమాండ్ లైనులో వచ్చిన సందేశం అక్షరాలా ఏమిటో, మీరు కోరినది ఏమిటో రాయండి. ముందుగా ఓస్మోడ్ సున్నా చేసి మీ పాత ప్రోగ్రామును రెండు జూమ్‌లలోనూ నడిపి చూడండి. అప్పటికీ రంధ్రాలు జరిగితే, ఆ చిన్న భాగాన్ని మాకు పంపండి.