400 రెట్లు: దేనిలో?

సందేహం: ‘40 రెట్ల వస్తుకటకం, 10 రెట్ల అక్షికటకం ఉన్న సంయుక్త సూక్ష్మదర్శిని వస్తువును 400 రెట్లు పెద్దది చేస్తుంది’ అని పాఠంలో రాశాను. రెండూ కలిపితే 50 రెట్లే కదా అని ఒకరు, ‘పెద్దది చేస్తుంది’ అనడమే తప్పని మరొకరు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: లెక్క మీరు రాసిందే సరి. వస్తువు దగ్గరుండే వస్తుకటకం పెంచినదాన్ని కంటి దగ్గరుండే అక్షికటకం మళ్లీ పెంచుతుంది కాబట్టి రెట్లను గుణించాలి. ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 7.5 మైక్రోమీటర్లు. దాన్ని వస్తుకటకం నాభికి (సమాంతర కిరణాలు కలిసే బిందువుకు) కొంచెం అవతల ఉంచితే, నాళిక పైభాగంలో 0.3 మి.మీ. వెడల్పున తలకిందులైన నిజప్రతిబింబం ఏర్పడుతుంది. అక్షికటకానికి ఆ ప్రతిబింబమే వస్తువు. దాన్ని అది 3 మి.మీ. ఉన్నట్టు చూపుతుంది.

‘ఉన్నట్టు చూపుతుంది’ అన్నాను, గమనించండి. స్లైడు మీద కణం ఎంత ఉండేదో అంతే ఉంది. పైగా అక్షికటకం మీది 10 అనే అంకె, వస్తువును 25 సెం.మీ. దూరాన పెట్టి మామూలు కంటితో చూసినప్పటి కోణంతో పోల్చి చెప్పినది. నాభ్యంతరం, అంటే కటకం నుంచి నాభికి దూరం, 25 మి.మీ. అయితే 250ని 25తో భాగిస్తే వచ్చేదే ఆ 10. కనుక క్రియ విషయంలో ‘పెద్దదిగా చూపుతుంది’ అనాలన్నవారి మాట నిలుస్తుంది.

వాళ్లిద్దరూ ఎత్తిచూపని లోపం ఇంకొకటి ఉంది. దేనిలో 400 రెట్లు? పొడవులో, వెడల్పులో. వైశాల్యంలోనైతే 1,60,000 రెట్లు! ‘పొడవులోనూ వెడల్పులోనూ 400 రెట్లు పెద్దదిగా చూపుతుంది’ అని రాస్తే విద్యార్థి తికమకపడడు. ‘400 రెట్లు ఎక్కువ’ అని మాత్రం రాయకండి, 401 రెట్లనే అర్థానికి చోటిచ్చినట్టవుతుంది.

ఆవర్ధనాన్ని (ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో ఆ అంకెను) స్పష్టతకు, అంటే సన్నని వివరాలను విడివిడిగా చూపే శక్తికి, మారుమాటగా వాడటం కూడా మానాలి. వస్తుకటకం మీద ‘40/0.65’ అని ఉంటే, రెండో అంకె అది ఎంత వెడల్పైన కాంతి శంకువును లోనికి తీసుకోగలదో చెబుతుంది. స్పష్టత దాన్ని బట్టే ఉంటుంది. ఆ అంకెకు వెయ్యి రెట్లు, అంటే ఇక్కడ 650, దాటాక కొత్త వివరమేదీ బయటపడదు. 20 రెట్ల అక్షికటకం తగిలించి 800కు తీసుకెళ్తే కణంతో పాటు మసకా పెరుగుతుంది.

పాఠంలో ఫొటో వేస్తే దాని కింద ‘400 రెట్లు’ అని రాయవద్దు. అచ్చులోనో తెరమీదో బొమ్మ పరిమాణం మారగానే ఆ అంకె తప్పవుతుంది. బొమ్మలోనే 10 మైక్రోమీటర్లకు సరిపడే గీత గీసి, పక్కన ఆ కొలత రాయండి. బొమ్మను పెంచినా తగ్గించినా గీత కూడా అదే నిష్పత్తిలో మారుతుంది.