కల్పిత భాషకి అచ్చులు ఎన్ని ఉండాలి? అవి ఎలా మారాలి?

"నా కథలో కొండజనం మాట్లాడే భాషకి అ, ఇ, ఉ, ఎ, ఒ అని అయిదు అచ్చులు పెట్టాను. అయినా అతికించినట్టే ఉంది. ఏం తక్కువైంది?" అని అడిగారు. అయిదు తక్కువేం కాదండీ. 1887లో జామెన్‌హోఫ్ బయటపెట్టిన ఎస్పెరాంటోకి ఉన్నవీ అయిదే, హ్రస్వదీర్ఘాల గొడవ కూడా లేదు. కాకపోతే అది అందరూ తేలిగ్గా నేర్చుకోవాలని చేసిన భాష. మీ కొండజనానికి తాతముత్తాతలు ఉంటారు కదా, వాళ్ల నోళ్లలో నాని అరిగిన గుర్తులు మాటల్లో కనిపించాలి.

నేను పెరిగింది పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర. ఒకసారి నా ఒడియా స్నేహితుడు మా ఇంటికొచ్చి "పిన్నీ, మేడ నొప్పి" అన్నాడు. మా అమ్మ ఒక్క క్షణం పెంకుల వైపు చూసి, "మనకి మేడెక్కడుందిరా" అంది. పాపం, వాడు చెప్పింది మెడ గురించి. ఒడియాలో ఎ, ఏలకి వేర్వేరు అక్షరాలు లేవు. ఇ, ఈ రెండూ రాస్తారు గానీ పలకడంలో తేడా వినపడదు. వాళ్ల 'అ' మాత్రం ఒ వైపు మొగ్గుతుంది. జగన్నాథ అని రాసింది 'జొగొన్నాథొ' అని వినిపిస్తుంది. మనకి అ, ఆల తేడా ముఖ్యంగా నిడివిలో ఉంటే, వాళ్లకి నోరు తెరిచే తీరులో ఉంది. మీరు ముందు తేల్చుకోవలసింది ఇదే: మీ జనం చెవి ఏ తేడాని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది?

ఇక మార్పులు. ఇక్కడే నేనొక నోటుబుక్కు పాడుచేసుకున్నాను. నా భాషలో కొండ 'తమ', కొండలు 'తమి'. రెండు సూత్రాలు రాసుకున్నాను. ఒకటి, తర్వాతి అక్షరంలో ఇ ఉంటే ముందున్న అ కాస్తా ఎ అవుతుంది. రెండు, మాట చివరి హ్రస్వ అచ్చు రాలిపోతుంది. తొందరలో రెండోది ముందు నడిపించాను. తమ, తమి రెండూ 'తమ్' అయి కూర్చున్నాయి. పేజీలకి పేజీలు ఏకవచనం, బహువచనం ఒకటే! రాలిపోయిన ఇ ఇంక దేన్ని మారుస్తుంది? వరస తిరగేస్తే తమి ముందు 'తెమి' అయి, తర్వాత 'తెమ్' అయింది. కొండ తమ్, కొండలు తెమ్. ఆ మార్పు తెచ్చిన ఇ ఎప్పుడో పోయింది, దాని నీడ మాత్రం మిగిలింది. అది చూసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజం.

ఇంగ్లీషులో ఫుట్, ఫీట్ అయిందీ ఇలాగే. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ తన కథల కోసం చేసిన సిందారిన్ భాషలోనూ కొండ 'అమొన్', కొండలు 'ఎమిన్' (ఆ చివరి అచ్చు మన ఇకీ ఉకీ మధ్యది, తెలుగులో సరిగ్గా రాయలేం). అంత దూరం ఎందుకు, మనిషి మనుషులు అవడం చూడండి. వెనకొచ్చిన 'లు' ముందున్న ఇని ఉ చేసేసింది. ఇంకా పాత సంగతి కావాలంటే తమిళ ఉరల్ పక్కన మన రోలు, ఇరండు పక్కన మన రెండు పెట్టి చూడండి. మొదటి అచ్చు వెనక్కి జరిగి రెండోదానితో కలిసిపోయింది. ఉ, అ కలిసి ఓ. ఇ, అ కలిసి ఎ. ఇలాంటిది ఒక్కటి మీ భాషలో పెడితే చాలు, పది అచ్చులు అక్కర్లేదు.

మార్పు జరిగిపోయాక సంతలోంచి వచ్చిన మాటలకి మాత్రం అది తగలనివ్వకండి. నా భాషలో ఉప్పుకి మాట పొరుగువాళ్ల దగ్గర తెచ్చుకున్నది, 'సలి'. అది 'సెల్' అవలేదు. చదివినవాళ్లు ఇది పరాయి మాట అని వాళ్లంతట వాళ్లే పసిగట్టారు.

రాతని కూడా పలుకుబడి వెనకాల కాస్త నెమ్మదిగా నడవనివ్వండి. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే ఉండి సవర నేర్చుకున్నారు, వాడుక భాష కోసం పోరాడారు. అయినా మనం ఇవాళ్టికీ 'వచ్చాడు' అని రాస్తాం, పలికేది మాత్రం 'బ్యాంకు'లో వినిపించే అచ్చుని. ఉత్తరాంధ్ర కథకులు కొందరు దాన్నే 'వచ్చేడు' అని రాశారు. అక్షరమాలలో దానికి ఇప్పటికీ చోటు లేదు.