ఫెట్‌లాక్ ఆపరేషన్ తర్వాత మళ్ళీ జీను వేయడానికి ఎన్నాళ్ళు ఆగాలి?

మీ గుర్రానికి ముందుకాలి ఫెట్‌లాక్‌లో (గిట్టకు కాస్త పైన ఉండే కీలు) విరిగిన ఎముక ముక్కను కెమెరా ఆపరేషన్‌తో తీసి 6 వారాలైందని రాశారు. కుంటడం లేదు, స్టేబుల్‌లో నిలవలేక గెంతుతోంది, డాక్టరు చెప్పిన 12 వారాలు ఆగకుండా ఇప్పుడే ఎక్కి మెల్లగా ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) చేయించవచ్చా అని అడిగారు. వద్దండీ. దయచేసి ఆగండి. సరిగ్గా ఇలాంటప్పుడే నేను తొందరపడ్డాను.

నా ఆడగుర్రం పేరు చుక్క. మలక్‌పేటలో రేసులు మానేశాక నా దగ్గరికి వచ్చింది, మొయినాబాద్ వైపు ఒక ఫారంలో ఉంటుంది. కుడి ముందుకాలి ఫెట్‌లాక్‌లో శనగగింజంత ముక్క ఊడింది. ఆర్థ్రోస్కోపీ, అంటే ఆ కెమెరా ఆపరేషనే, చేశారు. పైకి కనిపించేది రెండు చిన్న గాట్లు, అంతే. 14వ రోజుకు కుట్లు విప్పేశారు. చర్మం మానడం చూసి కాలు మానిందనుకున్నాను.

లోపల జరిగేది వేరు. కీలులో ఎముక చివరన ఉండే నున్నని పొర, కార్టిలేజ్‌కు రక్తనాళాలు ఉండవు, అందుకే అది చాలా మెల్లగా కోలుకుంటుంది. గీరుకుపోయిన చోట పుట్టే కొత్త పొర మొదటిదంత మేలైనది కాదు, అది కుదురుకోవడానికే నెలలు పడుతుంది. పైగా కదలకుండా నిలబడిన ఆ వారాల్లో ఎముకలు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టేవి), లిగమెంట్లు (ఎముకను ఎముకకు కట్టేవి) కూడా బలం తగ్గుతాయి. మళ్ళీ పని మొదలుపెట్టగానే ఊపిరి, గుండె త్వరగా పుంజుకుంటాయి. ఎముకలూ టెండన్లూ వాటికి చాలా వెనకబడి వస్తాయి. కాబట్టి గుర్రం ‘నేను రెడీ’ అన్నట్టు ఉరకలేసే రోజుకు దాని కాలు ఇంకా సిద్ధంగా ఉండదు. మీకు ఇప్పుడు కనిపిస్తున్న హుషారు అదే.

చుక్కకు మా డాక్టరు 3వ వారం నుంచి చేత్తో పట్టుకుని నడిపించమన్నారు. రోజుకు రెండుసార్లు, 5 నిమిషాలతో మొదలు, వారానికి ఇంకో 5 నిమిషాలు. 9వ వారంలో జీను వేసి, కేవలం వాక్, 20 నిమిషాలు. నాలుగో రోజు అది చెవులు నిక్కించి తనంతట తానే ట్రాట్‌లోకి వెళ్ళింది. నేను ఆపలేదు. 10 నిమిషాలు, అదీ కాళ్ళు దిగబడే మెత్తని ఇసుకలో. ఆ పూట ఏమీ తెలియలేదు. మర్నాడు పొద్దున సయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) ఫోన్ చేశాడు: కీలు ఉబ్బింది, చెయ్యి పెడితే కాలుతోంది అని. మళ్ళీ ఐస్, మళ్ళీ కట్లు, మళ్ళీ 5 నిమిషాల నడక. మూడు వారాలు వెనక్కి పోయాం. ఆ మూడు వారాలూ స్టేబుల్ తలుపు దగ్గర అది నా వైపు చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

ఆ తర్వాత ఒక అలవాటు చేసుకున్నాం, అదే మమ్మల్ని కాపాడింది. రోజూ పొద్దున బయటికి తీయకముందే రెండు ముందుకాళ్ళ ఫెట్‌లాక్‌లనూ అరచేత్తో పట్టి చూసి, దర్జీ టేపుతో చుట్టుకొలత తీసి నోట్‌బుక్‌లో రాసేవాళ్ళం. ఆపరేషన్ అయిన కీలు కొంచెం లావుగానే ఉండవచ్చు, దానికి కంగారు వద్దు. నిన్నటి కంటే పెరిగిందా, వేడెక్కిందా అన్నదే చూడాలి. పెంచిన పనికి జవాబు ఆ రోజు రాదు, మర్నాడు పొద్దున వస్తుంది. అందుకే ఏ వారమైనా ఒక్కటే మార్చండి: సమయం పెంచితే నేల మార్చవద్దు, నేల మారిస్తే వేగం పెంచవద్దు.

ట్రాట్ మొదలుపెట్టే రోజు వచ్చాక, ముందు చదునైన గట్టి నేల మీద, తిన్నగా. పొడవాటి తాడు కట్టి గుండ్రంగా తిప్పడం చివరికి ఉంచండి, చిన్న వలయాల్లో కీలు ఒక పక్కకు నలుగుతుంది. 15 నిమిషాల వాక్ తర్వాత ఒక్క నిమిషం ట్రాట్, మళ్ళీ వాక్, ఇంకో నిమిషం. ఎవరినైనా పక్కన నిలబెట్టి తల చూడమనండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు తగిలినప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, బాగున్న కాలు పడ్డప్పుడు దించుతుంది. జీను మీద కూర్చున్న మనకు ఇది ఒక్కోసారి తెలియదు. నొప్పి మందు పని చేస్తున్నంతసేపు ఈ పరీక్షకు విలువ లేదు, ఆ మందు ఇచ్చి ఎక్కడం అసలే వద్దు.

గెంతడం తగ్గాలంటే ముందు దాణా చూడండి. పని లేనప్పుడు ఓట్స్, ఉలవలు బాగా తగ్గించి గడ్డి మీద ఉంచాలి. పాత లెక్కన దాణా పెడితే కడుపునొప్పి, కండరాలు బిగుసుకుపోవడం లాంటి ప్రమాదాలున్నాయి. అప్పటికీ చేతికి ఆగకపోతే మత్తు మందు సంగతి డాక్టరును అడగండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. మేం దీపావళి వారంలో అదే చేశాం. పెద్ద మైదానంలో మాత్రం ఇప్పుడే వదలవద్దు. ఒక్క ఉరుకు చాలు.

లాడం సంగతి చాలామంది మర్చిపోతారు. పని లేదు కదా అని వదిలేస్తే గిట్ట ముందువైపు పొడుగు పెరిగి, ప్రతి అడుగులో ఫెట్‌లాక్ మీద లాగుడు పెరుగుతుంది. 5 వారాలకోసారి తప్పకుండా చేయించండి.

కీలు ఉన్నట్టుండి బాగా ఉబ్బి, గుర్రం కాలు మోపలేకపోతే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు, గంటలు కూడా లెక్కే.

చుక్క క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన పరుగు) చేసింది 6వ నెలలో, చిన్న కర్రలు దూకింది 9వ నెల దాటాక. మీది ఇంతకంటే ముందే రావచ్చు, ఆలస్యమూ కావచ్చు. అది తేల్చేది తీసిన ముక్క సైజు ఒక్కటే కాదు, దాని చుట్టూ కార్టిలేజ్ ఎంత చెడిందన్నది. ఆపరేషన్ చేసిన డాక్టరు కెమెరాలో దాన్ని కళ్ళారా చూశారు. ఆ ఫొటోలు అడిగి తీసుకోండి, 12వ వారంలో ఎక్స్‌రే ఎప్పుడో తేదీ రాయించుకోండి. కార్టిలేజ్ గురించి ఆయన ఏమన్నారో ఇక్కడ రాస్తే, ట్రాట్ నిమిషాలు ఎలా పెంచాలో నా నోట్‌బుక్ చూసి చెబుతాను.