రంధ్రాలు ఎక్కువుంటే బ్యాటరీకి మంచిదేనా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం కొబ్బరి చిప్పలు కాల్చి, ఆ బొగ్గును పొటాషియం హైడ్రాక్సైడ్‌తో యాక్టివేట్ చేసి, అంటే రంధ్రాలు పెరిగేలా చేసి, సోడియం అయాన్ బ్యాటరీకి ఎలక్ట్రోడ్ చేశాను. ఉపరితల వైశాల్యం గ్రాముకు 1,200 చదరపు మీటర్లు వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. తీరా కాయిన్ సెల్‌లో (నాణెం లాంటి చిన్న పరీక్ష బ్యాటరీ) పెడితే మొదటిసారి లోపలికి వెళ్లిన చార్జిలో సగం కూడా తిరిగి రాలేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. తప్పెక్కడ జరిగింది?

జవాబు: అందరూ మెచ్చుకున్న ఆ 1,200 దగ్గరే ఉందమ్మా చిక్కంతా. సోడియం తొలిసారి బొగ్గులోకి దూరేటప్పుడు ఎలక్ట్రోలైట్ (సెల్‌లో అయాన్లను మోసే ద్రవం) కొంత విడిపోయి బొగ్గు మీద సన్నని పొర కడుతుంది, దానికి ఖర్చయిన సోడియం ఇక వెనక్కి రాదు. ఎలక్ట్రోలైట్ తగిలే చోటు ఎంత ఎక్కువుంటే నష్టం అంత. మీ సెల్‌లో అవతలి వైపు సోడియం లోహం దండిగా ఉంది కాబట్టి నడిచిపోతుంది గానీ, అసలు బ్యాటరీలో సోడియమంతా పాజిటివ్ ఎలక్ట్రోడ్ నుంచే రావాలి, మొదటి చార్జికే సగం పోతే ఇంకేం మిగులుతుంది?

ఈసారి యాక్టివేషన్ మానేయండి. పొడిని యాసిడ్‌తో కడిగి పొటాషియం లాంటివి వదిలించి, ఆర్గాన్ వాయువులో 1,200 నుంచి 1,400 డిగ్రీల దాకా కాల్చండి. ఆ వేడికి పైకి తెరుచుకున్న రంధ్రాలు చాలావరకు మూసుకుపోయి లోపలి ఖాళీలు మిగులుతాయి, సోడియానికి కావలసింది అవే. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో (ఎక్స్‌రేలతో కార్బన్ పొరల అమరిక చూసే పరీక్ష) గ్రాఫైట్‌కు 26.5 డిగ్రీల దగ్గర సన్నని పీక్ వస్తుంది. మీకు 23, 24 దగ్గర వెడల్పాటిది వస్తే కార్బన్ పొరలు ఎడంగా ఉన్నట్టే, సంతోషించండి. చార్జి గ్రాఫ్‌లో 0.1 వోల్టు కింద చదునుగా సాగే భాగం ఎంత పొడుగుంటే అంత మేలు.

తూకం మాత్రం అశ్రద్ధ చేయకండి. 12 మిల్లీమీటర్ల బిళ్ల మీద ఉండే పొడి ఒకటి రెండు మిల్లీగ్రాములే, అందులో 0.1 తేడా వచ్చినా కెపాసిటీ లెక్క పది శాతం దాకా తప్పుతుంది, అందుకే పొడి పూయని రేకు బిళ్లలు కూడా కొన్ని కోసి తూచి సగటు తీసి, ఆ బరువును పూత ఉన్న బిళ్ల బరువులోంచి తీసేయండి. పైగా వానాకాలం మన కోనసీమ గాలి సంగతి తెలిసిందేగా, ఎలక్ట్రోడ్లను వాక్యూమ్ ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి గాలి తగలకుండా గ్లవ్ బాక్స్‌లోకి (గాలి, తేమ చొరబడని పెట్టె) చేర్చండి.

పాత పొడి పారేయొద్దు. చార్జి దాచే మరో సాధనమైన సూపర్ కెపాసిటర్‌లో చార్జి ఉపరితలం మీదే నిలుస్తుంది కాబట్టి అక్కడ ఆ 1,200 చదరపు మీటర్లు నిజంగానే బలం. నీళ్లలో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్‌లోనే సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజి పెంచుతూ తగ్గిస్తూ కరెంటు కొలిచే పరీక్ష) చేసి చూడండి, దానికి గ్లవ్ బాక్స్ కూడా అక్కర్లేదు.