షాపులో కొన్న యాంటీవైరస్ ఉండగానే మా ఫోటోలు పోయాయి

మూడేళ్ల యాంటీవైరస్ కీ 1,800కి ఇస్తానని షాపతను అంటున్నాడు, నాన్నగారి కంప్యూటర్‌కి అది తీసుకోవాలా, ఫ్రీగా వచ్చేది చాలా అని అడిగారు. నా మటుకు నేను కొనను. అలాగని కొనేవాళ్లంతా తెలివితక్కువవాళ్లని కాదు, నేనూ ఏడెనిమిదేళ్లు కొన్నవాణ్నే.

అప్పట్లో కొనడానికి కారణం ఉంది. జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ ఒక్కసారి పెట్టి తెస్తే చాలు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయేవి. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, అందులోనే దాక్కుంటాయి. వాటి స్థానంలో కనిపించే షార్ట్‌కట్ నొక్కామా, వైరస్ మన కంప్యూటర్లోకి ఎక్కినట్టే. విండోస్ 7లో డిఫెండర్ అని ఒకటి ఉన్నా అది మన మీద నిఘా పెట్టే స్పైవేర్ వరకే చూసేది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి అదే పూర్తి స్థాయి యాంటీవైరస్ అయింది, విండోస్‌తో పాటే వస్తుంది, విడిగా పైసా కట్టక్కర్లేదు. షాపుల్లో మాత్రం చాలామంది ఇంకా విండోస్ 7 కాలం నాటి మాటే చెబుతుంటారు.

ఇక మా ఇంటి సంగతి. 2019లో ఒక పీడీఎఫ్ ఎడిట్ చేయాల్సి వచ్చి, నెట్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌కి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ దారి, వెతికాను. దాని పక్కనే రాసి ఉంది, ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి అని. డబ్బు కట్టి కొన్న యాంటీవైరస్, ఇంకా పది నెలల గడువు ఉంది. అది ఎర్ర డబ్బా చూపించి అరిచింది కూడా. క్రాక్ అంటే ఎప్పుడూ అరుస్తుందిలే అనుకుని నా చేత్తో నేనే ఆపేశాను. అరగంట గడిచేసరికి ఫోటోల పేర్ల చివర ఏవో కొత్త అక్షరాలు వచ్చి చేరాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అని ఒక ఫైలు. 980 డాలర్లు కట్టాలట, 72 గంటల్లోపు సంప్రదిస్తే సగానికి సగం, 490 డాలర్లట. బేరం కూడా వాళ్లే ఆడేశారు. ఆ సగమే అప్పటి లెక్కన దాదాపు 35 వేలు.

కట్టలేదు. అది స్టాప్ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ఎక్కువగా క్రాక్‌ల ద్వారానే వ్యాపించేదని తర్వాత తెలిసింది. ఆ ఏడాది అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ దానికి ఉచితంగా ఒక డిక్రిప్టర్, అంటే ఆ తాళం తీసే ప్రోగ్రాం, విడుదల చేస్తే ఆశగా ప్రయత్నించాను. ఆ వైరస్‌కి తన సర్వర్ అందకపోతే చాలా కంప్యూటర్లకు కలిపి ఒకే తాళం వేస్తుంది, అలాంటివి తెరవొచ్చు. సర్వర్ అందితే ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో తాళం. ఆ రోజు మా ఇంట్లో నెట్ బ్రహ్మాండంగా పనిచేసింది, మా ఖర్మ. పాప అన్నప్రాశన ఫోటోల్లో బంధువుల వాట్సాప్‌లలో మిగిలినవి మాత్రమే ఇప్పుడు మా దగ్గర ఉన్నాయి.

అందుకే ఏది కొనాలని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది వేరు. నాన్నగారి దాంట్లో ఉన్నది విండోస్ 10 ఆ, 11 ఆ? 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్ల కోసం పెట్టిన అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల స్కీమ్‌లో చేరితే ఇంకో ఏడాది వస్తాయి, అదీ మనంతట మనం చేరితేనే. అప్‌డేట్లు రాని విండోస్ మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా తలుపు తీసి ఉంచి కుక్కను కట్టేసినట్టే. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు చూశాం కదా. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని పడ్డాయి.

11 ఉంటే, లేదా 10కి అప్‌డేట్లు వస్తుంటే, డిఫెండర్ చాలు. ఇది నా ఒక్కడి మాట కాదు, జర్మనీలోని ఏవీ టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ కంపారెటివ్స్ ఏటా చేసే పరీక్షల్లో అది డబ్బిచ్చి కొనేవాటి పక్కనే నిలబడుతోంది. ఒక లోటు ఉంది. దొంగ వెబ్‌సైట్లను ఆపే దాని స్మార్ట్‌స్క్రీన్ ప్రధానంగా ఎడ్జ్ బ్రౌజర్‌కి చేసింది. నాన్నగారు క్రోమ్ వాడితే అందులో గూగుల్ పెట్టిన సేఫ్ బ్రౌజింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంకొకటి, విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంటుంది. తెలియని ప్రోగ్రాములు మన ఫోటోలు, డాక్యుమెంట్ల జోలికి రాకుండా ఆపుతుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మీరే ఆన్ చేయాలి. అప్పుడప్పుడు మంచి ప్రోగ్రాములను కూడా ఆపి విసిగిస్తుంది, వాటికి విడిగా అనుమతి ఇచ్చుకోవాలి.

కొనడమే మంచిదనిపిస్తే కొనండి, పుణె వాళ్ల క్విక్ హీల్, చెన్నై వాళ్ల కె7 ఎప్పటి నుంచో ఉన్నవే. పిల్లలు ఏయే సైట్లు చూస్తున్నారో అదుపు చేయాలన్నా, ఏదైనా ఇబ్బంది వస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండాలన్నా ఆ డబ్బుకి అర్థం ఉంది. ఆన్‌లైన్‌లో కొంటే రెండో ఏడాది ధర ఎంతో ముందే చూసుకోండి, మొదటి ఏడాది ఊరిస్తారు. రెండు మాత్రం కలిపి వేయకండి, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇంకోటి వేస్తే డిఫెండర్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది.

బయటి కంపెనీల ఫ్రీవాటి విషయంలో నాకు కొంచెం అనుమానమే. అవాస్ట్ తన వాడకందారుల బ్రౌజింగ్ వివరాలు అమ్మినందుకు 2024లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఫ్రీగానే కావాలంటే విండోస్‌తో వచ్చిందే ఉంది కదా, ఇంకోటి దేనికి?

ఆ 1,800 ఎటూ ఖర్చు పెట్టాలనుకున్నారు కాబట్టి, ఇంకొంత కలిపి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. నెలకోసారి ఫోటోలు, పెన్షన్ కాగితాల స్కాన్లు అందులోకి కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టాలి. పీకడం మర్చిపోతే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా వదలదు.

పెద్దవాళ్ల కంప్యూటర్ కాబట్టి ఇంకో మాట. మా నాన్న ఒకరోజు కంగారుగా ఫోన్ చేశారు, యాంటీవైరస్ అయిపోయిందట, ఐదు వైరస్‌లు ఉన్నాయట, డబ్బు కట్టమంటోందని. చూస్తే అది యాంటీవైరసే కాదు. ఏదో సైట్‌లో ఆయన అలౌ నొక్కితే క్రోమ్ నోటిఫికేషన్ల రూపంలో వస్తున్న యాడ్. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ సైటు తీసేస్తే ఆగిపోయింది. అలాంటి దానికి డబ్బు కట్టేసి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఆ తర్వాత ఆయనకి స్టాండర్డ్ అకౌంట్ పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర ఉంచుకున్నాను. నన్ను అడగకుండా చాలా ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ కావు. నా కంప్యూటర్‌కి నీ పాస్‌వర్డ్ ఏంట్రా అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మీరు కూడా అదే చేసేటట్టయితే ఆయనకి ముందే చెప్పి చేయండి.