గడప ముందు నిమ్మకాయలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది పరకాల దగ్గర ఒక పల్లె. రెండు తరాలుగా మేము క్రైస్తవులం. మూడు నెలల నుంచి నా భర్తకు కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, నిద్రలో ఉలిక్కిపడటం. ఒకరోజు పొద్దున్నే గడప ముందు కోసిన నిమ్మకాయలు, పసుపు కుంకుమ కలిపిన అన్నం ముద్ద కనిపించాయి. మా అత్తమ్మ ఇది చేతబడేనని, భూతవైద్యుని దగ్గరికి పోదామని పట్టుబడుతోంది. ప్రార్థన కోసం పిలిచిన ఒక సేవకుడు కూడా ఇది బాణామతేనని చెప్పి, చేసినవారు మీ ఇంటికి తూర్పున మూడిళ్ల లోపే ఉన్నారని తనకు దర్శనంలో కనిపించిందన్నారు. ఆ వైపు ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ ఇల్లు ఉంది. ఆనాటి నుంచి మా ఇంటివాళ్లు ఆమెతో మాట్లాడటం మానేశారు. మంత్రాలు నిజంగా ఉన్నాయా? ఉంటే విశ్వాసులకు తగులుతాయా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నల కంటే మీరు అడగకుండా రాసిన మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. తూర్పున మూడిళ్ల లోపు అన్న ఆ మాటకు తర్వాత వస్తాను. ముందు మీ భర్తను ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూడు నెలల కడుపునొప్పి పరీక్షలు చేయించవలసిన జబ్బు. పరకాలలో తేలకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి. నిద్రలేమి, ఉలికిపాటు గురించి అక్కడి మానసిక వైద్యులకు కూడా చెప్పండి. ఆసుపత్రికి వెళ్లడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

ఇక మంత్రాలు ఉన్నాయా అన్న ప్రశ్నకు క్రైస్తవ సంఘం రెండు వేల ఏళ్లలో ఒకే జవాబు ఎన్నడూ చెప్పలేదు. బైబిలు కూడా ఈ విషయాన్ని ఒక్క మాటలో తేల్చదు. నిర్గమకాండములో ఫరో కొలువులోని మాంత్రికులు కర్రలను పాములుగా మార్చారు, నీటిని రక్తం చేశారు, కప్పలను కూడా రప్పించారు. పేల తెగులు దగ్గరికి వచ్చేసరికి వారి విద్య ఆగిపోయింది, ఇది దైవశక్తి అని వారే ఒప్పుకున్నారు. అక్కడ మంత్రం అబద్ధమని గ్రంథం అనదు, దాని హద్దు మాత్రం చూపిస్తుంది. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం దాని నిజానిజాల జోలికే పోకుండా, అలాంటివారు మీ మధ్య ఉండకూడదని నిషేధిస్తుంది. ఆ నిషేధం మన తెలుగు బైబిల్లో ఏ మాటలతో ఉందో ఒకసారి గమనించండి: సోదెగాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, ఇంద్రజాలకుడు, కర్ణపిశాచి. హెబ్రీ మాటలకు సమానంగా అనువాదకులు మన ఊళ్లలో వాడుకలో ఉన్న పేర్లనే ఎంచుకున్నారు. పాఠం సులువుగా అర్థమవడానికి అది మంచి పద్ధతే. అయితే దానివల్ల ఒక చిక్కు కూడా వచ్చిందని నా అభిప్రాయం. చిల్లంగివాడు అని చదవగానే మనకు పురాతన కనాను దేశపు ఆచారాలు గుర్తుకు రావు, మన వాడకట్టులోని ఒక ముఖం గుర్తుకు వస్తుంది.

సంఘ చరిత్రలో ఈ విషయంపై రెండు ధోరణులు పక్కపక్కనే నడిచాయి. అగస్టీను వంటి తొలి గురువులు మంత్రవిద్యను దయ్యాలతో చేసుకున్న ఒప్పందంగా చూశారు, అంటే దాని వెనుక ఏదో శక్తి ఉందని నమ్మారు. మరోవైపు, 8వ శతాబ్దం చివర యూరప్‌లో షార్లమేన్ చక్రవర్తి తాను జయించిన శాక్సను తెగల కోసం చేసిన శాసనం, ఫలానా మనిషి మంత్రగత్తె అనీ మనుషులను తింటుందనీ నమ్మి ఆమెను కాల్చినవారికే మరణశిక్ష విధించింది. 1080లో ఏడవ గ్రెగరీ పోపు డెన్మార్కు రాజుకు లేఖ రాసి, తుపానులకూ రోగాలకూ స్త్రీలను బాధ్యులను చేసి హింసించవద్దని ఆదేశించాడు. మంత్రగత్తెలను వేటాడటం మొదటి నుంచీ క్రైస్తవ సంప్రదాయమని అనుకునేవారు ఈ రెండింటినీ గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత కాలంలో ఈ వివేకం చెదిరిపోయింది. 1484లో మంత్రవిద్య చేసేవారిపై విచారణకు అధికారమిస్తూ ఎనిమిదవ ఇన్నోసెంటు పోపు ఆజ్ఞాపత్రం వచ్చింది. 1486లో హైన్రిఖ్ క్రామర్ అనే సన్యాసి మంత్రగత్తెలను పట్టి విచారించే విధానంపై పుస్తకం రాశాడు. తర్వాతి మూడు శతాబ్దాలలో కాథలిక్, ప్రొటెస్టెంట్ అన్న తేడా లేకుండా యూరప్‌లో సుమారు 40,000 నుంచి 60,000 మందిని మంత్రవిద్య నేరం కింద చంపారని చరిత్రకారుల అంచనా. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఒప్పుకోలు చాలావరకు చిత్రహింసలతో రాబట్టినవే. ఆ పద్ధతిలో ఎంత నిర్దోషి అయినా దోషి అవుతుందని 1631లో ఫ్రీడ్రిఖ్ ష్పే అనే జెస్విట్ (యేసు సభకు చెందిన కాథలిక్) గురువు తన పేరు బయటపెట్టకుండా పుస్తకం అచ్చువేయవలసి వచ్చింది.

ఇక మీ ఇంటి తూర్పు దిక్కు సంగతి. 1692లో అమెరికాలోని సేలంలో, ఫలానా వ్యక్తి ఆకారం వచ్చి నన్ను పీడించింది అని బాధితులు చెప్పిన మాటనే న్యాయస్థానం సాక్ష్యంగా తీసుకుంది. ఆ ఆకారం చెప్పినవారికి తప్ప ఇంకెవరికీ కనిపించదు కాబట్టి, దాన్ని ఖండించే దారి నిందితులకు లేదు. 19 మందిని ఉరితీశారు, నేరం ఒప్పుకోవడానికీ కాదనడానికీ నిరాకరించిన ఒక ముసలి రైతును బండరాళ్ల బరువు కింద నలిపి చంపారు. మంత్రవిద్య ఉందని గట్టిగా నమ్మిన ఇంక్రీస్ మాథర్ అనే బోధకుడే చివరికి, ఒక నిర్దోషికి శిక్ష పడటం కంటే పదిమంది అనుమానితులు తప్పించుకోవడమే మేలని రాశాడు. 1697లో సామ్యూల్ సీవల్ అనే న్యాయమూర్తి, తన తప్పును ఒప్పుకుంటూ రాసిన పత్రం ఆరాధనలో చదువుతుండగా సంఘం ఎదుట లేచి నిలబడ్డాడు. మీ ఇంటికి వచ్చిన సేవకుని దర్శనం కూడా ఆ జాతి సాక్ష్యమే. ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉండవచ్చు. కానీ మంత్రం నోటితో పలకకుండా చేయాలని అనుమానితుల పళ్లు ఊడగొట్టిన ఘటనలు, కొట్టి చంపిన ఘటనలు తెలంగాణలో పత్రికలు చదివేవారికి కొత్త కాదు. అలాంటి చోట ఒక దిక్కు, ఒక లెక్క చెప్పి వెళ్లిపోవడం ప్రార్థన కిందికి రాదు, నేరారోపణ కిందికి వస్తుంది. అది కూడా నిందితురాలు జవాబు చెప్పుకోలేని ఆరోపణ. పేరు చెప్పకపోయినా మీ వాళ్లు పేరు పెట్టేసుకున్నారు కదా.

విశ్వాసులకు తగులుతాయా అన్న ప్రశ్నకు మన సంఘాలలో చాలామంది సంఖ్యాకాండము 23వ అధ్యాయం చూపిస్తారు. ఇశ్రాయేలును శపించడానికి డబ్బిచ్చి పిలిపించిన బిలాము నోటనే, యాకోబులో మంత్రము లేదు అన్న మాట వస్తుంది. దీన్ని యాకోబు మీద మంత్రం పనిచేయదు అని కొందరు, యాకోబు జనం మంత్రాలను ఆశ్రయించరు అని కొందరు చదువుతారు. రెండు అర్థాలూ మీకు పనికొస్తాయి. మొదటిది మీ భయానికి జవాబు, రెండవది మీ అత్తమ్మ చెప్పే భూతవైద్యునికి జవాబు. పెద్దావిడ మీద మాత్రం కోపం పెట్టుకోకండి. నా చిన్నతనంలో జ్వరం వస్తే మా నాయనమ్మ నా తలగడ కింద బైబిలు, మంచం కింద కొడవలి పెట్టేది. ఏది దేనికి కాపలా అని అడిగితే కసురుకునేది. ఆమె భక్తిని నేను ఈనాటికీ శంకించను.

నిమ్మకాయలను చీపురుతో ఊడ్చి పారేయండి. ఎవరు పెట్టారని ఆరా తీయవద్దు. తమ ఇంటి దిష్టి తీసి దారిలో పారేసినవి మీ గడప ముందుకు చేరి ఉండవచ్చు కూడా. రేపే మీరు కూర వండుకుని, గిన్నె పట్టుకుని ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లండి, వాడకట్టు చూసేటట్టుగా పగటిపూట వెళ్లండి. ఏన్దోరులో కర్ణపిశాచి గల స్త్రీ కూడా, భయంతో నేలకూలిన సౌలు రాజుకు క్రొవ్విన దూడను కోసి, రొట్టెలు కాల్చి పెట్టిందని సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది. మీ పొరుగావిడ ఏ పాపమూ ఎరుగని మనిషి. ఎవరైనా ఆమెను బెదిరిస్తున్నట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి.

ప్రశ్న: మా తాత నర్సంపేట ప్రాంతంలో పేరున్న మంత్రగాడు. తేలు మంత్రం, పాము మంత్రం, పసికర్ల (కామెర్ల) వైద్యం అన్నీ రాసుకున్న ఆయన నోటుపుస్తకం నా దగ్గర ఉంది. నేను గత సంవత్సరం బాప్తిస్మం తీసుకున్నాను. దాన్ని తగలబెట్టాలని మా సంఘంలో అంటున్నారు. మనసు ఒప్పడం లేదు.

జవాబు: సంఘంలో వారు ఎఫెసు పట్టణాన్ని మనసులో పెట్టుకుని చెబుతున్నారు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో మాంత్రిక విద్య అభ్యసించినవారు తమ పుస్తకాలను తెచ్చి అందరి ముందు కాల్చివేశారు, వాటి వెల యాభై వేల వెండి నాణేలు. అయితే ఆ పని వారంతట వారే చేశారు. కాల్చమని పౌలు ఆజ్ఞాపించినట్టు అక్కడ లేదు, కాబట్టి మీ మీద ఒత్తిడి తేవడం సరికాదు.

మీ తాతగారి పుస్తకంలో రెండు రకాల విద్యలు కలిసి ఉన్నాయని నాకనిపిస్తోంది. ఇటువంటి చిక్కుకు అగస్టీను (354–430) ఒక చక్కని కొలబద్ద ఇచ్చాడు. ఈ మూలిక రసం తాగితే కడుపునొప్పి తగ్గుతుంది అనడం వేరు, ఈ మూలికను మెడలో కట్టుకుంటే తగ్గుతుంది అనడం వేరు అన్నాడు. మొదటిదాన్ని వైద్యంగా ఒప్పుకున్నాడు, రెండవదాన్ని మూఢాచారంగా తోసిపుచ్చాడు. ఆ కొలతతో పుటలు తిరగేయండి. ఆకులు, వేర్లు, మోతాదులు ఉన్న పుటలు మీ తాతగారి అనుభవ సంపద, వాటిని ఆయుర్వేదం చదివినవారికి చూపించండి. పసికర్లకు రక్తపరీక్ష చేయించకుండా వాటిని ఎవరికీ ఇవ్వవద్దు. పాము కరిచినవారిని మాత్రం మంత్రానికీ వద్దు, ఆకుకూ వద్దు, నేరుగా విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మంత్రాల పుటలను ఉంచుకోవడం, తీసేయడం మీ మనస్సాక్షికి వదిలేస్తాను. నేనైతే వాటిని ఎవరికీ అమ్మను.

ప్రశ్న: హనుమకొండలో మా ఆదివారపు బడి వార్షికోత్సవానికి మ్యాజిక్ చేసే ఒకాయనను పిలిచాము. బైబిల్లో గారడీని ఖండించారు కాబట్టి రద్దు చేయాలని ఒక పెద్దమనిషి అంటున్నారు.

జవాబు: సమరయలో సీమోను గారడీ చేశాడని తెలుగు బైబిల్లో ఉన్నందువల్ల ఈ అభ్యంతరం వచ్చింది. సీమోను తప్పు చేతివాటం కాదు. తానెవడో గొప్పవాడనని చెప్పుకుని జనాన్ని విభ్రాంతిపరచడం, తర్వాత పరిశుద్ధాత్మ వరాన్ని కూడా డబ్బుతో కొనబోవడం అతని తప్పు. ఇది కనికట్టేనని ముందే ఒప్పుకుని టోపీలోంచి పావురాన్ని తీసేవాడికి సీమోనుతో పోలిక లేదు. ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ 1584లో మంత్రగత్తెల వేటను ఖండిస్తూ రాసిన పుస్తకంలో, జనాన్ని భ్రమింపజేసే ఇలాంటి చేతి విద్యల గుట్టు వివరంగా విప్పి చెప్పాడు. కార్యక్రమాన్ని రద్దు చేయకండి. నీళ్లను ఎర్రగా మార్చే ఆట ఒకటి వేసి, చివర గుట్టు కూడా విప్పమని ఆయనను అడగండి. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇంట్లో తెలిసిందే. అదే ఎరుపును ఒక మంత్రగాడు అర్ధరాత్రి పళ్లెంలో చూపిస్తే పెద్దవాళ్లు కూడా ఎందుకు వణుకుతారో పిల్లలను అడిగి చూడండి.